కడుపుతో ఉన్నప్పుడు నడిస్తే నాళాలకేమవుతుంది?



ఇంట్లో కోడలికి నెల తప్పిందని తెలియగానే సలహాలు బయలుదేరతాయి. మొదట్లో వచ్చే సలహా ఒకటే. "ఇప్పుడు నువ్వు ఉత్త మనిషివి కాదమ్మా, కదలకుండా కూర్చో." ఏడో నెల రాగానే అదే నోటి నుంచి ఇంకో మాట వస్తుంది. "గొంతుకూర్చొని ఇల్లు తుడువు, కాన్పు సులువవుతుంది." ఆరు నెలలు మంచం, మూడు నెలలు తడిగుడ్డ. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు, అందులో సందేహం లేదు. కాకపోతే అందరి చూపూ కడుపు మీదే ఉంటుంది. బిడ్డకు అన్నం, నీళ్లు, ఊపిరి అన్నీ మోసుకెళ్లేవి తల్లి రక్తనాళాలు. వాటి మాట ఎవరూ ఎత్తరు. ఈ పూట నేను ఎత్తుకున్నది వాటి గురించే. గర్భిణి రోజూ కాసేపు చురుగ్గా నడిస్తే, లేదా ఈత కొడితే, ఆ నాళాల్లో ఏం జరుగుతుంది? ఎవరు నడవాలి? ఎవరు నడవకూడదు? ఈ చివరి ప్రశ్న మన దగ్గర చాలా ముఖ్యం. దానికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

ముందు నాళాల సంగతి.

గర్భం నిలిచిన కొద్ది వారాలకే తల్లి రక్తప్రసరణ మారడం మొదలవుతుంది. బిడ్డ ఇంకా అంగుళం పొడవు కూడా లేని రోజుల్లోనే ప్రొజెస్టరాన్, ఈస్ట్రోజెన్, రిలాక్సిన్ లాంటి హార్మోన్ల ప్రభావంతో ఒంట్లోని నాళాలు వదులవుతాయి. మామూలు రోజుల్లో సుమారు నాలుగు లీటర్లుండే రక్తం నిండు నెలలు వచ్చేసరికి 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. అంటే లీటరున్నర పైమాటే. గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, అది తోసే రక్తం 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. మామూలప్పుడు గర్భసంచికి నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం వెళ్తే, తొమ్మిదో నెలలో 500 నుంచి 700 మిల్లీలీటర్ల దాకా వెళ్తుంది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. రక్తం పెరిగింది, గుండె జోరు పెరిగింది. మరి బీపీ కూడా పెరగాలి కదా? ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి పెరగదు. పైగా తగ్గుతుంది. 20, 24 వారాల మధ్య అన్నిటికంటే తక్కువకు దిగి, నెలలు నిండేసరికి మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. ఐదో నెలలో గబుక్కున లేచి నిలబడితే కళ్లు తిరిగినట్టుండేది చాలామందికి అందుకే. అంత రక్తం వచ్చినా ఒత్తిడి పెరగకుండా కాస్తున్నది నాళాల సాగే గుణం. ఆ గుణం ఎక్కడుంది అంటే, నాళం లోపలి గోడకు అంటుకుని ఉన్న ఒక పొరలో. ఒకే ఒక కణం మందం. దాన్ని ఎండోథీలియం అంటారు. నేను 'లోపలి పొర' అనే అంటాను, వినడానికి తేలిగ్గా ఉంటుంది.

చాలా కాలం ఈ పొరను ఎవరూ లెక్కపెట్టలేదు. రక్తం గోడలోకి ఇంకిపోకుండా వేసిన అస్తరు అనుకున్నారు, అంతే. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు ధమని ముక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. అసెటైల్‌కొలైన్ అనే మందు బతికున్న జంతువులో నాళాన్ని వదులు చేస్తుంది. ఆయన ప్రయోగశాలలో మాత్రం అదే మందు వేస్తే ధమని ముక్క బిగుసుకునేది. ఎందుకో అంతుపట్టలేదు. 1978లో ఆయన సహాయకుడు ఒక ప్రయోగంలో చెప్పిన వరస తప్పాడు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతూ పోతే అసలు గుట్టు దొరికింది. ముక్కలు సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రాపిడికి ఊడిపోతోంది. పొర ఊడితే నాళం బిగుసుకుంటోంది, పొర ఉంటే వదులవుతోంది. ఆ పొర ఏదో ఒకటి విడుదల చేస్తోందని 1980లో ఆయన ప్రకటించారు. ఆ 'ఏదో ఒకటి' నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని మరికొన్నేళ్లకు తేలింది. పుట్టిన కొద్ది సెకన్లలోనే మాయమైపోయే వాయువది. 1998లో ఫర్చ్‌గాట్‌కు, లూయిస్ ఇగ్నారోకు, ఫెరిద్ మురాద్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆల్ఫ్రెడ్ నోబెల్ సంపాదనకు మూలం డైనమైట్, డైనమైట్‌కు మూలం నైట్రోగ్లిజరిన్. అదే నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పికి మందు కూడా, ఒంట్లో అది చేసేది ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయడమే. చివరి రోజుల్లో నోబెల్‌కు వైద్యులు ఆ మందే రాస్తే ఆయన వద్దన్నాడట.

సరే, నడకకూ ఈ వాయువుకూ సంబంధమేమిటి?

లోపలి పొరలోని కణాలకు స్పర్శ తెలుసు. రక్తం వాటిని ఒరుసుకుంటూ పోతుంటే ఎంత జోరుగా పోతోందో అవి పసిగడతాయి. మీరు చురుగ్గా నడిచినప్పుడు పిక్కలూ తొడలూ రక్తం కావాలంటాయి. గుండె పంపుతుంది. ప్రవాహం పెరుగుతుంది, ఒరిపిడి పెరుగుతుంది, కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, నాళం గోడలోని కండరం సడలుతుంది. ఇది ఆ అరగంటకే పరిమితమైతే నేనింత చెప్పనక్కర్లేదు. వారాల తరబడి రోజూ జరిగితే ఆ వాయువును తయారు చేసే ఎంజైమే కణాల్లో పెరుగుతుంది. నాళానికి సాగడం బాగా అలవాటవుతుంది. నడక మానేస్తే కొద్ది వారాల్లో ఆ మేలు కరిగిపోతుంది కూడా. గర్భం దానంతటదే ఈ పొరకు పని పెంచుతుంది, వ్యాయామం ఆ పనికి దాన్ని తయారు చేస్తుంది.

నాళం ఎంత సాగుతుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మోచేతి కింద బీపీ పట్టీ లాంటిది చుట్టి, గట్టిగా గాలి కొట్టి, ఐదు నిమిషాలు రక్తం ఆపుతారు. తర్వాత ఒక్కసారిగా వదిలేస్తారు. ఆగిన రక్తం ఉరుకుతుంది. అప్పుడు పైచేతిలోని ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. లోపలి పొర ఆరోగ్యంగా ఉంటే ధమని బాగా విచ్చుకుంటుంది. సూది లేదు, మందు లేదు, అందుకే గర్భిణులకు కూడా చేయగలుగుతున్నారు. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు కాలి నగరంలో తొలిచూలు స్త్రీల మీద ఇలాంటి పరిశీలన జరిగింది. ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. నాలుగైదు నెలల గర్భిణులను రెండు జట్లుగా చీటీ వేసినట్టు విడదీశారు. ఒక జట్టు చేత వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున, 16 వారాలు వ్యాయామం చేయించారు. ముందు మెల్లగా నడక, మధ్యలో అరగంట ఏరోబిక్ వ్యాయామం, చివర ఒళ్లు సాగదీయడం, విశ్రాంతి. రెండో జట్టు మామూలు వైద్యపరీక్షలతోనే గడిపింది. ఆఖరున కొలిస్తే వ్యాయామం చేసినవారి ధమనులే ఎక్కువగా విచ్చుకున్నాయి. ఆయాసం లేకుండా పని చేయగల శక్తి కూడా వారికే ఎక్కువగా ఉంది.

అది ఒక ఊళ్లో జరిగిన చిన్న పరిశీలన. ఒక్కదాన్నే పట్టుకుని ఊరేగడం నాకిష్టం లేదు. ఇలాంటివి ఎన్నో దేశాల్లో జరిగాయి. వాటన్నిటినీ కెనడా పరిశోధకులు కలిపి లెక్కగట్టి 2018లో ప్రకటించారు. కేవలం వ్యాయామం మాత్రమే చేయించిన అధ్యయనాల్లో, గర్భిణులకు వచ్చే బీపీ, షుగరు, ప్రీ ఎక్లాంప్సియా, ఈ మూడూ వచ్చే అవకాశం సుమారు 40 శాతం తక్కువగా కనిపించింది. ఒక్క మందుబిళ్లకు ఇంత ఫలితముంటే దాని ప్రకటనలు మనల్ని ఊపిరి తీసుకోనివ్వవు. నడకకు కంపెనీ లేదు కదా, అందుకే చప్పుడు లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. నడిచినా బీపీ వచ్చేవాళ్లుంటారు. అవకాశం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. వస్తే అది ఆమె తప్పు కాదు. "సరిగ్గా నడవలేదు, అందుకే వచ్చింది" అని ఇంట్లో ఎవరూ అనకూడదు.

ప్రీ ఎక్లాంప్సియా అన్నాను. 20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడం దాని మామూలు రూపం. ముదిరితే మూర్ఛలు వస్తాయి, పల్లెల్లో గుర్రపువాతం అంటారు. ఇది బీపీ జబ్బులా కనిపిస్తుంది గానీ, నిజానికి లోపలి పొర జబ్బు. మొదలయ్యేది మాయ దగ్గర. గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు ఉంటాయి. మాయ నుంచి వచ్చిన కణాలు వాటిలోకి చొచ్చుకుపోయి, గోడలోని కండరాన్ని తొలగించి, వాటిని వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. కాలువలో ఎంత నీరున్నా తూము ఇరుకైతే చేనుకు పారదు కదా, ఆ తూము వెడల్పు చేసే పని ఇది. దాదాపు ఐదో నెలకల్లా ఇది పూర్తి కావాలి. కొందరిలో అరకొరగా ఆగిపోతుంది. రక్తం చాలని మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటిలో ముఖ్యమైన దాన్ని 2003లో అమెరికాలోని బోస్టన్‌లో, మన దేశంలో వైద్యం చదివి వెళ్లిన అనంత్ కరుమంచి బృందం పట్టుకుంది. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ పోయింది. ఆ పదార్థం చేసేదేమిటంటే, ఒంట్లో ఉన్న నాళాలన్నిటి లోపలి పొరనూ దెబ్బతీయడం. మూత్రపిండంలో దెబ్బతింటే ప్రొటీన్ కారుతుంది, మెదడులో దెబ్బతింటే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కాలేయం దగ్గరైతే కుడి పక్కటెముకల కింద నొప్పి.

అంటే గర్భసంచి ధమనులు వెడల్పయ్యే అసలు పని జరిగేది తొలి అయిదు నెలల్లో. మనం నడవమని చెప్పడం మొదలుపెట్టేది ఏడో నెలలో. ఈ లెక్క తిరగబడి ఉంది. వేవిళ్లు తగ్గుముఖం పట్టాక, అంటే మూడో నెల చివర్లోనో నాలుగో నెలలోనో మొదలుపెడితే మేలు. గర్భం రాకముందు నుంచే నడక అలవాటుంటే ఇంకా మేలు. ఇదివరకు కాన్పులో బీపీ వచ్చినవాళ్లకు 16 వారాల్లోపు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది. అది డాక్టరు తేల్చాల్సిన విషయం, నడక దానికి బదులు కాదు. ప్రీ ఎక్లాంప్సియా వచ్చిందని తేలాక మాత్రం వ్యాయామం ఆపాల్సిందే.

ఇక అందరి భయం ఒకటుంది. కాళ్లకు రక్తం పోతే బిడ్డకు తగ్గదా? సరైన ప్రశ్నే. నలభై ఏళ్ల కిందట వైద్యులకూ ఇదే భయం. అమెరికాలో ప్రసూతి వైద్యుల సంఘం 1985లో ఒక నియమం పెట్టింది. గర్భిణి నాడి నిమిషానికి 140 దాటకూడదు, గట్టి వ్యాయామం ఒక విడత 15 నిమిషాలు మించకూడదు. ఆధారాలు పెద్దగా లేక, జాగ్రత్త కోసం పెట్టిన నియమమది. తర్వాత జేమ్స్ క్లాప్ అనే వైద్యుడు, పరుగు అలవాటున్న గర్భిణులను ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్ల పిల్లలు బాగానే పుట్టారు. వ్యాయామం చేసిన తల్లుల్లో మాయ ఇంకా బాగా పెరిగింది. 1994లో ఆ సంఘమే 140 నియమాన్ని ఎత్తేసింది. 2002 నాటికి, చిక్కులేమీ లేని గర్భిణి వారంలో చాలా రోజులు అరగంట చొప్పున వ్యాయామం చేయాలని చెప్పడం మొదలుపెట్టింది. 1985 నాటి 140 అంకె మాత్రం ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తూనే ఉంది.

గట్టిగా శ్రమపడితే గర్భసంచికి వెళ్లే రక్తం కొంత తగ్గే మాట నిజమే. కానీ మాయ ఆ రక్తంలోంచి ప్రాణవాయువును ఇంకొంచెం ఎక్కువ పిండుకుంటుంది. మితంగా నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం 10 నుంచి 30 దాకా పెరుగుతుంది, అమ్మ ఆగాక మామూలుకు వస్తుంది. మరి హద్దు ఎక్కడ? నార్వేలో ఒలింపిక్ స్థాయి క్రీడాకారిణులు ఆరుగురిని గర్భంతో ఉండగా ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూశారు. తమ గరిష్ఠ నాడి వేగంలో 90 శాతం దాటినప్పుడు బిడ్డ గుండె నెమ్మదించడం కనిపించింది, ఆగగానే సర్దుకుంది. మన ఊళ్లో పార్కులో నడిచేవాళ్లు ఆ 90 శాతం దరిదాపులకు కూడా పోరు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టొచ్చు.

ఎంత నడవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వ్యాయామం మీద మార్గదర్శకాలు కొత్తగా రాసినప్పుడు గర్భిణులనూ బాలింతలనూ మొదటిసారి ప్రత్యేకంగా పేర్కొంది. వారానికి 150 నిమిషాలు, మధ్యస్థంగా. రోజుకు అరగంట, అయిదు రోజులు. అలవాటు లేనివాళ్లు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మధ్యస్థమంటే ఏమిటని అడిగితే, వాచీలూ యాప్‌లూ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. మాట కూడా తెగుతోందంటే జోరు ఎక్కువైంది. పాట హాయిగా సాగుతోందంటే ఇంకొంచెం అడుగు పెంచొచ్చు. ఈ లెక్కన బతుకమ్మ తేలికపాటి వ్యాయామం అవుతుంది, ఎందుకంటే పాడుతూనే ఆడతారు. తేలికైనా తొమ్మిది సాయంత్రాలు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరగడం తక్కువ పనేం కాదు. ఒళ్లు సహకరించే గర్భిణిని అరుగు మీద కూర్చోబెట్టి చూడమనాల్సిన అవసరం నాకు కనిపించదు. అలుపొచ్చినప్పుడు పక్కకొచ్చి కూర్చుంటుంది, అంతే.

"ఇంటి పని చేస్తున్నానుగా" అంటారు. చేస్తున్నారు, కాదనను. కానీ వంటింట్లో నిలబడడం, రెండడుగులు వేసి ఆగడం, అంట్లు, మళ్లీ నిలబడడం, వీటిలో చాలావాటికి నాడి పెరిగి, పెరిగిన చోట కాసేపు నిలవదు. నాళానికి కావాల్సింది ఆ నిలకడ. పైగా ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్లలో పేరుకుంటుంది. పిక్కల కండరాలు బిగిసి సడలితేనే కింది రక్తం పైకెక్కుతుంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది, కాళ్ల సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం మామూలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. అందుకే కారణం లేకుండా వారాల తరబడి బెడ్ రెస్ట్ అంటే నాకు గుబులు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు చెబుతారు, అప్పుడు పాటించాలి. ఎందుకు, ఎన్నాళ్లు అని అడిగి తెలుసుకోవాలి.

మన వాతావరణం సంగతి వేరే చెప్పాలి. చల్లని దేశాల పుస్తకాల్లో రాసిన అరగంట, విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో కుదరదు. ఒళ్లు అతిగా వేడెక్కడం బిడ్డకు మంచిది కాదు, ముఖ్యంగా తొలి నెలల్లో. ఎండాకాలం పొద్దు ఎక్కకముందే గానీ, పొద్దు వాలి మేడ చల్లబడ్డాక గానీ నడవాలి. కోస్తాలో ఉక్కపోతగా ఉన్న రోజున చెమట ఆరదు, ఆ రోజు సగం చాలు. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. రోడ్డు గుంతలూ కుక్కలూ భయపెడితే మేడ మీద, అపార్ట్‌మెంటు వరండాలో, బడి ఆవరణలో తిరగండి. కడుపు ముందుకొచ్చాక ఒంటి తూకం మారుతుంది, జారే చెప్పులు వద్దు. అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడిస్తే షుగరుకు కూడా మంచిది. అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు ఎక్కువసేపు చేయొద్దు, గర్భసంచి బరువు పడి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర నలుగుతుంది. ఈత వచ్చినవాళ్లకు శుభ్రమైన కొలను దొరికితే అంతకంటే మంచిది లేదు. దొరికేది ఎందరికి లెండి.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన ప్రశ్న. ఎవరు నడవకూడదు?

వైద్యకారణాలు కొన్ని ఉన్నాయి. తీవ్రమైన గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండి కుట్టు వేయించుకోవడం, 26 వారాల తర్వాత కూడా మాయ కిందికే ఉండడం, ఆగని రక్తస్రావం, నెలలు నిండకుండానే నొప్పులు, ఉమ్మనీరు పోవడం. వీటిలో ఏది ఉన్నా నా ప్రసంగం మీకు వర్తించదు. అలాగే రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి సగం కంటే ఎక్కువ! కొద్దిగా తక్కువైతే ఐరన్ మాత్రలు వేసుకుంటూ మెల్లగా నడవొచ్చు. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువుంటే ముందు ఆసుపత్రి, నడక తర్వాత.

వైద్యపుస్తకాల జాబితాలో లేని వారు ఇంకొందరున్నారు. మిరపతోటలో కాయలు ఏరే తల్లి, నాటు వేసే తల్లి, పత్తి తీసే తల్లి, ఇటుక బట్టీ దగ్గర ఆరో నెలలో కూడా మోసే తల్లి. పుణె దగ్గర ఆరు గ్రామాల్లో గర్భిణులను గమనించి 2003లో ఒక నివేదిక ఇచ్చారు. పొలం పని, నీళ్లు మోయడం, బట్టలుతకడం లాంటి శ్రమ ఎక్కువున్న తల్లులకు పుట్టిన బిడ్డలు తక్కువ బరువుతో, చిన్న తలతో పుట్టారు. అంటే, పైన నేను వ్యాయామం గురించి చెప్పిన మంచి అంతా అబద్ధమా? కాదు. వ్యాయామం అంటే కడుపు నిండా తిన్నవాళ్లు, తమకు వీలైన వేళ, తమకు తోచినంత చేసి, ఆ తర్వాత కూర్చోవడం. కూలి పని అంటే ఎండలో, ఎనిమిది గంటలు, వంగి, ఆపితే కూలి తెగుతుందన్న భయంతో చేయడం. మొదటిదానిలో నాళానికి ప్రవాహం పెరుగుతుంది, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. రెండోదానిలో శ్రమకు ఎడం ఉండదు, తిన్న తిండి ఆమె కండరాలకే సరిపోదు, ఇక మాయకు ఏం మిగులుతుంది?

అందుకని ఆశ కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు, అంగన్‌వాడీ టీచర్లకు నా మనవి. "రోజూ నడవండి" అని రాసిన పోస్టర్‌ను అందరికీ ఒకే గొంతుతో చదివి వినిపించకండి. ముందు ఆమె రోజు ఎలా గడుస్తుందో అడగండి. కంప్యూటరు ముందు పది గంటలు కూర్చునే అమ్మాయికి నడక చెప్పండి. కొట్లో కూర్చునే ఆమెకు చెప్పండి. కూలికి వెళ్లే ఆమెకు చెప్పాల్సింది విశ్రాంతి, గుడ్డు, పాలు, ఐరన్ మాత్ర. చెప్పడం సులువు, ఆమెకు ఆ విశ్రాంతి ఎవరిస్తారు? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, అది ఉద్యోగాల్లో ఉన్నవారికి. పొలంలో పని చేసే తల్లికి ప్రధానమంత్రి మాతృ వందన పథకం కింద తొలికాన్పుకు వచ్చేది 5,000 రూపాయలు. ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్క మీరే వేయండి. రక్తనాళాల ఆరోగ్యం గురించి మాట్లాడుతూ కూలి రేట్ల దాకా వచ్చానేమిటని అనుకోకండి. నాళం వరకు చేరే దారి అటు నుంచే పోతోంది.

నడిచే తల్లులు ఆగాల్సిన గుర్తులు కొన్ని చెబుతాను, దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. నడుస్తుండగా రక్తం కనబడినా, నీరు పోయినా, కడుపు వరసగా గట్టిపడుతూ నొప్పి వస్తున్నా ఆగండి. నడక మొదలుపెట్టకముందే ఆయాసం ఉన్నా, గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం, తలనొప్పి ఉన్నా ఆగండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే మర్దన చేయించుకోవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. గడ్డకట్టి ఉండొచ్చు. నడవడం మొదలుపెట్టడానికి ముందు ఒకసారి అడగాలనుకుంటే, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు జరుగుతాయి. 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమమిది. బీపీ, హిమోగ్లోబిన్, మూత్రం, మూడూ ఆ రోజే చూస్తారు. "నేను నడవొచ్చా?" అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

కాన్పు తర్వాత నాళాల కథ ముగియదు. గర్భంలో వచ్చిన బీపీ చాలామందికి 12 వారాల్లో పోతుంది. కానీ ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు వచ్చే ప్రమాదం రాని స్త్రీ కంటే రెట్టింపు ఉంటుందని, పక్షవాతం ముప్పూ అదే దారిలో పెరుగుతుందని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. నలభై అయిదేళ్లకు ఛాతీ బరువని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "కాన్పుల్లో బీపీ వచ్చిందా?" అని అడిగేవారు తక్కువ. అడగకపోయినా మీరే చెప్పండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు బిడ్డ టీకాలు అయిపోగానే చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది, దాన్ని దాచుకోండి. అందులో మీ బీపీ అంకెలున్నాయి. ఏడాదికోసారి బీపీ చూపించుకోండి. ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ నడక మొదలుపెట్టండి, సిజేరియన్ అయితే డాక్టరు సరేనన్నాక.

ఇంకొక్క సంగతి, బాలింత ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు. కాన్పయిన మొదటి వారంలో బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. గర్భంలో ఎప్పుడూ పెరగనివాళ్లకు కూడా. ఆ రోజుల్లో బాలింతకు తలనొప్పి అంటే గాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించి పడుకోబెడతాం. దూది పెట్టండి, కాదనను. కానీ తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా, ఆ పూటే బీపీ చూపించండి. రాత్రయితే 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.